సాయంత్రం పేరు

మా బాపు పుచ్చకాయ కొన్నా గని కప్పును చూసినట్టే చూస్తాడు. బొగ్గుబావిలోకి దిగినవాళ్లు పని మొదలుపెట్టేముందు ఇనుపకడ్డీతో నెత్తిమీది కప్పును తట్టి వింటారు. ఖంగుమంటే బండ గట్టిగా ఉన్నట్టు. బోలుగా మోగితే వదులైనట్టు, ఆ కింద నిలబడకూడదు. ఆయన బావి దిగడం మానేసి ఇరవై ఏళ్లు దాటినా ఆ అలవాటు చేతికర్రలోకి వచ్చి కూర్చుంది. క్వార్టర్ గోడలు, నీళ్ల ట్యాంకు, ఒకసారి నా ల్యాప్‌టాప్. "లోపల బోలుగున్నది బిడ్డా" అన్నాడు. దాని ర్యామ్ ఎంతో తెలిసినవాడిలాగే.

అందుకని ఆ ఎండాకాలం మా వదిన సుహాసిని పసివాణ్ణి తీసుకుని ఏరియా దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజు, బాపు మొదట చేసిన పని ఉయ్యాల మీది స్లాబును కర్రతో తట్టి చూడటం. రెండు చోట్ల తట్టాడు. తల ఊపాడు. ఉయ్యాలను మాత్రం మూరెడు పక్కకి జరిపించాడు.

పురుడు పుట్టింట్లోనే అనుకున్నారు. కానీ వదిన వాళ్ల ఇల్లు లక్ష్మీనగర్‌లో హార్డ్‌వేర్ షాపు పైన, మూడో అంతస్తు, మీద రేకులు. గోదావరిఖని ఎండల్లో అక్కడ బాలింతను పెట్టడం కంటే అప్పడాలు ఎండబెట్టుకోవడం మేలు. దాంతో వదిన వాళ్లమ్మ నాగేశ్వరి అత్తయ్యే ఒక సూట్‌కేసు, ఒక ఆవకాయ జాడీతో మా కంపెనీ క్వార్టర్‌కి మకాం మార్చింది. వాళ్లది కోస్తా వైపు. ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లయినా ఆవిడ 'అండీ'లు మాత్రం ఒక్కటీ రాలిపోలేదు.

మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే స్టాండులో గిన్నెలు గణగణమనేవి. పిల్లాడు చేతులు రెండూ గాల్లోకి చాచి ఉలిక్కిపడేవాడు. నేను హైదరాబాద్ కంపెనీకి ఇంటినుంచే పని చేస్తాను. టెస్టింగ్. మీటింగులో మా లీడ్, "రెజీనా, మీ దగ్గర ఏమైనా పడిందా?" అని అడిగితే, "రోజూ పడుతుందండీ" అని మ్యూట్ చేసేదాన్ని.

ఇరవై ఒకటో రోజు అత్తయ్య ఉయ్యాలకు బంతిపూలు కట్టింది. మా అమ్మ సుగుణమణి అడ్డు చెప్పలేదు. "ఉయ్యాల్ల వేసుకోండ్రి వదినా, పాట పాడుకోండ్రి. పేరు మాత్రం చర్చిలనే. పాస్టరుగారు ఎండాకాలం మీటింగులకు పోయిండు, జూన్ల వస్తడు."

"అప్పటిదాకా ఏవని పిలవాలండీ? చిన్నోడు, బుజ్జిగాడు అని ఎన్నాళ్లు? మీ అబ్బాయేమో 'బాస్' అంటాడు."

"బాసే కదా అత్తమ్మా, నన్ను రాత్రంతా డ్యూటీ చేపిస్తుండు" అన్నాడు మా అన్న డానీ.

అప్పుడు కుర్చీలోంచి బాపు అన్నాడు, "పేరున్నది. ఎప్పటిసందో ఉన్నది. ఎబెనెజరు."

అమ్మ చేతిలో శనగల గిన్నె ఉంది. దాన్ని చాలా నెమ్మదిగా కింద పెట్టింది. మా అమ్మ అరిస్తే ఎవరూ పట్టించుకోరు. నెమ్మదిగా ఏదైనా చేస్తే ఇల్లంతా ఆగుతుంది.

"ఆ పేరు ఈ ఇంట్ల వద్దు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

బాపు కర్రతో తన కుడికాలిని చిన్నగా తట్టాడు. అది ప్లాస్టిక్‌ది. బోలుగానే మోగింది.

నిజానికి ఆ పేరు నాది కావాల్సింది. నేను కడుపులో ఏడో నెలలో ఉండగా బావిలో కప్పు కూలి బాపు మీద బండ పడింది. మోకాలి కింద కాలు పోయింది. దవాఖాన మంచం మీద ఆయన మొక్కుకున్నాడట, పుట్టబోయేవాడికి ఎబెనెజరు అని పెడతానని. తీరా నేను పుట్టాను. అమ్మ ఇంకో మాటకు సందివ్వకుండా, నన్ను మొదట చేతుల్లోకి తీసుకున్న నర్సమ్మ పేరు పెట్టేసింది. రెజీనా అంటే రాణి. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ పుట్టలేదు. బాపు చాలా ఏళ్లు బావి పైన సర్ఫేస్ డ్యూటీ చేసి, డాక్టర్లు అన్‌ఫిట్ అన్నాక, తన బదులు కంపెనీలో ఉద్యోగం డానీ అన్నకు ఇప్పించాడు. అదే బావి. పేరు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

వారం తర్వాత వదిన నన్ను గదిలోకి పిలిచింది. పిల్లాడు భుజం మీద నిద్రపోతున్నాడు.

"రెజీనా, ఆ పేరుకి అర్థమేంటి? మీ అన్నని అడిగితే 'బైబిల్ పేరు' అన్నాడు. అది నాకూ తెలుసు."

నాకూ తెలియదు కాబట్టి వెతికి చెప్పాను. అది హీబ్రూ మాట. ఎబెన్ అంటే రాయి. ఎజెర్ అంటే సహాయం. సహాయపు రాయి. తమాషా ఏంటంటే, బైబిల్లో ఆ పేరున్న మనిషే లేడు. యుద్ధంలో గట్టెక్కాక శామ్యూల్ అనే ప్రవక్త ఒక రాయి తెచ్చి రెండు ఊళ్ల మధ్య నిలబెట్టి, ఇంతవరకు దేవుడు మనకు సహాయం చేశాడని దానికి పెట్టిన పేరు. మనుషులు తర్వాత అరువు తెచ్చుకున్నారు.

"రాయా?" అంది వదిన. పిల్లాడి తల మీద చెయ్యేసి కప్పింది. "బండ పడి మామయ్యగారి కాలు పోయిన ఇంట్లో, మనవడికి రాయి అని పెడతారా? మా అమ్మకి చెప్పకు, ప్లీజ్."

గుమ్మం దగ్గర గాజుల చప్పుడు. వాళ్లమ్మ అప్పటికే మొత్తం వినేసింది.

"రాయైతే ఏవిటే?" అంది అత్తయ్య. "రాయి నిలబెట్టి, పేరు పెట్టి, దణ్ణం పెట్టుకోవడం మనకేమైనా కొత్తా? ఇన్నాళ్లకి వీళ్ల పుస్తకంలో నాకు అర్థమయ్యే సంగతి ఒకటి దొరికింది. భేషుగ్గా ఉంది. పెట్టేసుకోండి."

తన పేరుకి ఓటు అటునుంచి పడుతుందని బాపు కూడా ఊహించి ఉండడు.

ఆ సాయంత్రం వదిన ఆయన్నే అడిగేసింది. ఆవిడకి మొహమాటం తక్కువ. "మామయ్యా, అంత పేరు మీకెలా గుర్తొచ్చింది?"

బాపు నవ్వాడు. "బైబిల్ల నాకేం తెల్వదమ్మా. చర్చిల ప్రసంగం మొదలైందంటే నిద్ర. ముందటి ఆదివారం పాస్టరు గదే చెప్పిండు, గదొక్కటి విన్న. అవతల మూడో రోజు బండ పడ్డది. కింద ఉన్నంతసేపు ఏదన్న వాక్యం తలుసుకుందమంటే ఒక్కటి నోటికి రాలె. గీ పేరే వచ్చింది. గదే అనుకుంట పడున్న."

"కాలు తీసిన రాయి పేరే కదా మామయ్యా, మళ్లీ పిల్లాడికి..."

"గది కాదు. కాలు మీద పడ్డది ఒక బండ. అది జారి ఛాతి మీదికొస్తుంటె దాని కింద ఇంకో బండ అడ్డం నిలవడ్డది. నడుమ నేనున్న." రెండు అరచేతులు గుడారంలా ఆనించి చూపించాడు. "మొదటిదాని ముచ్చట అందరు అడుగుతరు. రెండోదాన్ని ఎవ్వరడుగలె."

వదిన పిల్లాణ్ణి తీసుకొచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. వంటింటి తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో తెలియదు. నేను చూసేసరికి లోపలికి వెళ్లిపోయింది.

మే నెలలో పచ్చళ్ల పని మొదలైంది. ఒకే వంటింట్లో రెండు జిల్లాల మామిడికాయ పచ్చళ్లు పెడితే ఏమవుతుందో అదే అయింది. ఆవపిండి ఎంతన్న దగ్గర వియ్యపురాళ్లిద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. అత్తయ్య అలిగి మధ్యాహ్నం పడుకున్నప్పుడు, అమ్మ ఒక్కతే వెనక వరండాలో కూర్చుని ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. నేనూ ఒక గుడ్డ తీసుకున్నాను.

"అమ్మా, అందరు ఒప్పుకున్నరు. అత్తయ్య గూడ. నీకొక్కదానికి ఏమైంది?"

"అర్థం ఫోన్ల చూసినవట కద."

"చూసిన."

"నాకు గప్పుడే తెలుసు. దవాఖానల పాస్టరు చెప్పిండు." ముక్క తుడిచి పళ్లెంలో వేసింది. "మీ బాపుకు కింద ఏమైందో ఆయనకు తెలుసు. మీద నాకేమైందో నాకు తెలుసు. మీ అన్నను సంకల ఎత్తుకొని, నువ్వు కడుపుల, బావి గేటు కాడ నిలవడ్డ. ఒకడొచ్చి 'ఉన్నడు' అంటడు. ఇంకోడొచ్చి తల కిందికేస్తడు. ఏడాది దాక ఆయన పండుకుంటె ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసిన."

"మరి బతికిండు కద. పేరు అదే చెప్తది. ఇంతవరకు సహాయం..."

"ఇంతవరకు అంటె ఎంతవరకు?"

నేను ఇంకో ముక్క తీసుకున్నాను.

"చెప్పు, చదువుకున్నవ్ కద. ఇంతవరకు. మరి అవతల? రేపటి ముచ్చట ఆ పేరుల ఏడున్నది? మీ బాపుది అయిపోయిన కథ, ఆయనకు మంచిగనే ఉంటది. డానీ రోజు గదే కప్పు కిందికి పోతుండు. పోయేటోని ముంగట నేను 'ఇంతవరకు, ఇంతవరకు' అని పిల్లగాన్ని పిలుసుకుంట గూసోవాల్నా?"

వంటింట్లో గ్లాసు చప్పుడైంది. అమ్మ వెంటనే గొంతు మార్చి, "తడి ఉండద్దు, మంచిగ తుడువు" అంది.

ఆ నెలాఖరున ఒక మధ్యాహ్నం, బ్లాస్టింగ్ అయిన కాసేపటికి, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: బావిల బండ జారిందట. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. ఏ బావి, ఎవరికేమైంది అని రాసినవాళ్లు లేరు. దండాలు పెట్టడానికి వివరాలు అక్కర్లేదు కదా.

డానీ అన్నది మొదటి షిఫ్టు. నాలుగు దాటితే పైకొస్తాడు, అయిదు లోపల ఇంటి మలుపు దగ్గర బండి హారన్ రెండుసార్లు కొడతాడు. ఆ రోజు అయిదు దాటింది. హారన్ లేదు. ఫోన్ చేశాను. వాడి ఫోన్ గూట్లో, చార్జింగ్ దగ్గర మోగింది. బావిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, అందుకని వాడు ఇంట్లోనే పెట్టి పోతాడు. తెలిసి కూడా చేశాను.

తర్వాత బాపు ఫోన్ మోగింది. పక్క క్వార్టర్ ఎల్లన్న కాక. బావి దగ్గర లాంపురూములో పని. షిఫ్టుకి దిగే ప్రతివాడూ టోపీ దీపం అక్కడ తీసుకుంటాడు, పైకొచ్చాక అక్కడే అప్పగిస్తాడు. దీపం వచ్చిందంటే మనిషి వచ్చినట్టు.

బాపు స్పీకర్ పెడతాడెప్పుడూ. అలవాటు.

"సహాయమన్నా," బాపును ఆయన పేరుతోనే పిలుస్తాడు, "డానీ ఇంటికొచ్చిండా?"

"రాలె. ఏంది?"

"ఏం లేదు, ఏం లేదు. దీపం రాలె. షిఫ్టు మొత్తం దీపాలొచ్చినయి, ఆనిదొకటి, కిషన్‌ది ఒకటి రాలె. బండ జారింది ఎవ్వరు లేని కాడనే అంటున్నరు. మనుషులను పంపిస్తున్నరు చూసొస్తందుకు. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అని ఆయన అన్నాక ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. నేను స్కూటీ తాళం తీసుకున్నాను. బాపు కర్ర అందుకుని లేచాడు. "నేనొస్త."

"ఎవ్వరు పోవద్దు" అంది అమ్మ. "గేటు కాడికి ఎవ్వరు పోవద్దు. నేను పోయి చూసిన. ఆడ ఏం ఉండదు." ఉయ్యాలలోంచి పిల్లాణ్ణి తీసుకుని గోడకానుకుని నేలమీద కూర్చుంది. వదిన ఆవిడ పక్కన కూర్చుంది. అత్తయ్య ఆవపిండి గొడవ మర్చిపోయి అమ్మకి మరో పక్కన కూర్చుని, ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. ఎవరి దేవుడికి వాళ్లు పెదాలు కదుపుతున్నారు. కూలర్ తిరుగుతోంది, గడ్డి ఎండిపోయి వేడిగాలి కొడుతోంది. నేను ఎల్లన్న కాకకి మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తే లైను కలవలేదు.

బాపు కుర్చీలో కూర్చుని కర్రతో నేలను తట్టడం మొదలుపెట్టాడు. ఒకచోట. ఇంకోచోట. అమ్మ తలెత్తలేదు. "ఆపయ్యా" అంది.

ఆపాడు. కర్రను కుర్చీకి ఆనించాడు.

"మణీ."

అమ్మ పిల్లాణ్ణి భుజం మీదికి జరుపుకుంది.

"ఆ పేరు వద్దు తియ్యి. శామ్యూల్ అని పెట్టుకుందం."

అమ్మ పిల్లాడి వీపు మీద తడుతున్న చెయ్యి ఒక్కసారి ఆగింది. మళ్లీ తట్టింది. అవునని అనలేదు, కాదనీ అనలేదు.

మలుపు దగ్గర హారన్ రెండుసార్లు మోగింది.

డానీ అన్న బండి వెనక కూలర్ గడ్డి మూట, ముందు ఇంకో మూట. దుమ్ము కొట్టుకుపోయి, నవ్వుకుంటూ దిగాడు. "లక్ష్మీనగర్ల గడ్డి ఒడిసిపోయింది. రామగుండం దాక పోయి తెచ్చిన. బాస్‌కు ఇయ్యాల చల్లగ... ఏంది, అందరు గట్ల చూస్తున్నరు?"

"దీపం ఏదిరా?" అన్నాడు బాపు.

"జల్ది పోవాలని కిషన్‌కిచ్చిన, అప్పజెప్పమని. ఎందుకు?"

కిషన్ ఆ రెండు దీపాలూ పక్కన పెట్టుకుని బావి క్యాంటీన్‌లో ఫ్యాను కింద బల్ల మీద పడుకుని నిద్రపోయాడని ఆ తర్వాత తెలిసింది. వాణ్ణి లేపినవాళ్లు మర్యాదగా లేపలేదని కూడా తెలిసింది.

అమ్మ పిల్లాణ్ణి వదిన చేతికిచ్చి లేచింది. బండి మీంచి గడ్డి పట్టీ ఒకటి లాగి అన్నను వీపు మీద కొట్టింది. గడ్డి ముక్కలు వాకిలంతా ఎగిరాయి. "దీపం ఇంకోని చేతికిస్తవా? ఇస్తవా ఇంకోసారి?"

"అమ్మా! ఏమైందే! అత్తమ్మా, జెర చెప్పుండ్రి!"

"వదినగారూ, ఆపండి" అంది అత్తయ్య. కళ్లు తుడుచుకుని, "ఆ పట్టీ ఇటివ్వండి, నా వంతు ఒకటి ఉంది."

కొట్టి కొట్టి అమ్మ అక్కడే అన్న చొక్కా పట్టుకుని నిలబడిపోయింది. బొగ్గుతో మురికైన చొక్కా. చాలాసేపు వదల్లేదు.

పిల్లాడి స్నానం రోజూ ఆ వేళకే. ఆ రోజూ ఆపలేదు. వెనక వరండాలో అమ్మ పీట మీద కాళ్లు చాపుకుని, వాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తోంది. ముందుగదిలో నేను, బాపు. నేను ల్యాప్‌టాప్ తెరిచి, తప్పిపోయిన మీటింగు కోసం ఏ అబద్ధం రాయాలా అని ఆలోచిస్తున్నాను. నీళ్ల చప్పుడు, వాడి ఏడుపు. దాని మధ్యలోంచి అమ్మ గొంతు, ఎవరికీ వినపడనవసరం లేనట్టు:

"అయిపోయింది, అయిపోయింది. ఏడువకురా ఎబెనెజరూ. మీ నాయిన ఇంటికొచ్చిండు."

నేను బాపు వైపు చూశాను. ఆయన నా స్క్రీన్ వైపు చూస్తున్నాడు.

"అవుతలోళ్లు ఏమంటున్నరు బిడ్డా?" అన్నాడు. నా ఆఫీసువాళ్లు ఏమంటున్నారో ఆయన అంతకుముందెప్పుడూ అడగలేదు.

"ఏమనలే బాపు. అంత మంచిదేనట."

"మంచిది" అని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

జూన్ మొదటి ఆదివారం చర్చిలో పాస్టరుగారు బిడ్డ పేరడిగితే, డానీ అన్న "శామ్యూల్" అన్నాడు. వదిన అన్నకి చెప్పడం తప్ప, ఆ మధ్యలో ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. బాపు ఒకసారి అన్న మాట మాటే, అమ్మ ఒకసారి ఊరుకుందంటే ఊరుకున్నట్టే. 'ఆమేన్' అందరికంటే గట్టిగా బాపుదే వినపడింది. ముందు వరసలో కూర్చున్న అత్తయ్య మాత్రం కొంచెం నిరాశపడింది. "రాయే బాగుందండీ" అని నా చెవిలో అంది. "ఈ శామ్యూళ్లు వీధికి నలుగురున్నారు."

వాన మొదలయ్యాక అత్తయ్య సూట్‌కేసు సర్దుకుని లక్ష్మీనగర్ వెళ్లింది. ఖాళీ జాడీలో మా అమ్మ పచ్చడి పెట్టి పంపింది. పిల్లాడు ఇప్పుడు అందరికీ శామిగాడు. అమ్మకీ శామిగాడే, పొద్దున లేచినప్పుడు, పాలు తాగనని మారాం చేసినప్పుడు, బ్లాస్టింగ్‌కి ఉలిక్కిపడినప్పుడు. అన్న షిఫ్టుకి పోని ఆదివారాలు రోజంతా శామిగాడే.

మలుపు దగ్గర హారన్ రెండుసార్లు మోగాక మాత్రం, ఆవిడ ఏ పనిలో ఉన్నా చెయ్యి తుడుచుకుని వాడి దగ్గరికి వెళ్తుంది. ఆ పేరు ఒక్కసారి పిలుస్తుంది. ఒక్కసారే. బాపు ఆ వేళకి ఎక్కడున్నా ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. పొద్దుటి పేపరు సాయంత్రం అంత శ్రద్ధగా చదివే మనిషిని నేనెక్కడా చూడలేదు.

మొన్న పొద్దున అన్న టిఫిన్ డబ్బా బండికి తగిలించుకుని వెళ్తున్నాడు. అమ్మ పిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. వాడు నిద్రలేచి హుషారుగా చేతులు ఆడిస్తున్నాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"అమ్మా, గా పేరుతోని పొద్దుగాల ఎందుకు పిలువవ్?"

బండి మలుపు తిరిగేదాకా ఆవిడ అటే చూసింది.

"పొద్దుగాల ఇంకేమైందని?" అంది. "సాయంత్రం కానియ్యి."